రెండు నిమిషాలకే ఊపిరి అందడం లేదు: పరుగు మొదలుపెట్టినవారు మీ అనుభవాలు చెప్పండి

కొత్తఅడుగు:
నా వయసు 38. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. పరుగు అలవాటు చేసుకోవాలని ఇది నాలుగో ప్రయత్నం. ప్రతిసారీ ఒకేలా జరుగుతోంది. మొదటి రోజు ఉత్సాహంగా బయలుదేరుతాను. రెండు నిమిషాలు గడిచేసరికి ఊపిరి అందదు, డొక్కలో పోటు వస్తుంది, ఆగిపోతాను. మర్నాడు ఒళ్లు నొప్పులు. మూడో రోజుకు మెట్లు దిగలేనంతగా తొడలు పట్టేస్తాయి. నాలుగో రోజు మానేస్తాను. నడక అయితే గంటసేపు హాయిగా నడుస్తాను, అందుకే అర్థం కావడం లేదు. కొందరి శరీరం పరుగుకు పనికిరాదా? మీరు ఎలా మొదలుపెట్టారో, మొదటి నెల ఎలా గడిచిందో చెప్పండి. ఈసారి మానేయాలని లేదు.

నింపాది:
శరీరం పనికిరాకపోవడం కాదండీ. మీరు మొదటి రోజే చాలా వేగంగా పరుగెత్తుతున్నారు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ రెండేళ్లు అదే పొరపాటు చేశాను. పరుగు అనగానే మనకు గుర్తొచ్చేది బడిలో ఆటల పోటీ. ఈల వినపడగానే ఉన్న బలమంతా పెట్టి ఉరకడం. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టినా కాళ్లకు ఆ ఒక్క పరుగే గుర్తుంటుంది.

పరుగెత్తుతూ పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకోవలసి వస్తే వేగం తగ్గించాలి. గడియారమూ ఫోనూ లేకపోయినా ఈ ఒక్క పరీక్ష చాలు. మొదటి నెలలో నా పరుగు ఎంత నెమ్మదిగా ఉండేదంటే, చురుగ్గా నడిచేవారు నన్ను దాటి వెళ్లేవారు. దాన్ని పట్టించుకోకుండా ఉండడం నేర్చుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది. డొక్క పోటు కూడా వేగం తగ్గించి, గాలిని నిదానంగా పూర్తిగా వదిలితే చాలాసార్లు తగ్గిపోతుంది. కడుపు నిండా తిన్న వెంటనే బయలుదేరితే మాత్రం ఎంత నెమ్మదిగా వెళ్లినా వస్తుంది. భోజనానికీ పరుగుకూ మధ్య రెండు మూడు గంటలు ఉండనివ్వండి.

నేను పట్టుకున్న దారి జాష్ క్లార్క్ 1996లో తయారుచేసిన 'కౌచ్ టు 5కె' పద్ధతి, అంటే సోఫా మీంచి లేచి ఐదు కిలోమీటర్ల పరుగు దాకా. మొదటి వారం ఐదు నిమిషాల చురుకైన నడక, ఆ తర్వాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, మళ్లీ పరుగు. ఇలా మొత్తం ఇరవై నిమిషాలు. వారానికి మూడు రోజులే. తొమ్మిది వారాలు తిరిగేసరికి అరగంట ఆగకుండా పరుగెత్తాలన్నది లక్ష్యం. నాకు పద్నాలుగు వారాలు పట్టింది. నాలుగో వారాన్ని మూడుసార్లు చేశాను. అలా చేయకూడదని ఎవరూ అనలేదు.

మూడో రోజు తొడలు పట్టేయడం సహజమే. అలవాటు లేని శ్రమకు కండరాల నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువై, తర్వాత దానంతటదే తగ్గుతుంది. మీరు మానేస్తున్న నాలుగో రోజు, అది తగ్గడం మొదలయ్యే రోజు.

వేకువ:
నింపాది గారు చెప్పినదంతా నిజం. నేను దాని తర్వాత వచ్చే ప్రమాదం గురించి చెబుతాను. మీకు రెండు నెలల తర్వాత పనికొస్తుంది, ఇప్పుడే చదివి పెట్టుకోండి.

నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. ఆరు వారాలకు ఊపిరి కుదిరింది. అరగంట పరుగెత్తినా ఆయాసం లేదు. ఆ సంతోషం పట్టలేక రోజూ వెళ్లడం మొదలుపెట్టాను. విశ్రాంతి రోజులన్నీ ఎత్తేశాను. పది రోజులకు మోకాలి కింద, లోపలి వైపు ఎముక వెంట సన్నగా నొప్పి. మొదట్లో పరుగు మొదలైన కాసేపటికి తగ్గిపోయేది, అందుకని లెక్కచేయలేదు. తర్వాత పరుగంతా ఉండేది. ఆ తర్వాత నడిచేటప్పుడు కూడా. చివరికి వేలితో ఒక్క చోట నొక్కితే ప్రాణం పోయినంత పని అయ్యేది. వైద్యుడు పరీక్ష చేయించి, ఎముకలో సన్నని చీలిక మొదలైందన్నారు. రెండు నెలలు పరుగు బంద్.

ఆయన వివరించిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. గుండె, ఊపిరితిత్తులు కొత్త పనికి కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. నడకలో ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ గాల్లోకి లేచి, ఒంటి కాలి మీద దిగుతాం. దిగిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల భారం ఆ కాలి మీద పడుతుంది. గంట నడవగలిగేవారి కాళ్లు కూడా పరుగుకు వెంటనే సిద్ధం కాకపోవడానికి కారణం అదే. ఇంకా పరుగెత్తగలను అని ఊపిరి చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు కాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు.

ఒక గుర్తు పెట్టుకోండి. రెండు కాళ్లలో, కండరమంతా పరుచుకుని, కదిలితే తగ్గే నొప్పి మామూలుది. ఒకే కాలిలో, ఎముక మీద వేలితో చూపించగలిగేంత చిన్న చోట ఉండి, రోజురోజుకూ పెరిగే నొప్పి మామూలుది కాదు. రెండోది కనిపించిన రోజే ఆపేసి చూపించుకోండి. నేను రెండు వారాల ముందు ఆపి ఉంటే రెండు నెలలు పోయేవి కావు.

కాలిబాట:
బూట్ల గురించి ఎవరూ చెప్పలేదు. పొడవైన కాలి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. అంగడిలోనే నాలుగు అడుగులు పరుగెత్తి చూడండి. తొడుక్కోగానే హాయిగా లేని జత, వాడగా వాడగా హాయిగా మారుతుందని ఎవరైనా చెబితే కొనవద్దు. అంతకు మించి ఖరీదైనది అక్కర్లేదు.

మళ్లీమొదలు:
నేను కొంచెం వేరుగా చెబుతాను. నడక, పరుగు కలిపే పద్ధతి నాకు పడలేదు. గడియారం చూసుకుంటూ 'ఇంకా ఎన్ని సెకన్లు' అని లెక్కపెట్టడంతోనే మనసు అలసిపోయేది. అది వదిలేసి, అత్యంత నెమ్మదిగా ఎనిమిది నిమిషాలు ఆగకుండా పరుగెత్తాను. వారానికి ఒక్కో నిమిషం పెంచాను. కుదిరింది. అయితే అప్పటికే నాకు ఏడాదిగా రోజూ గంట నడిచే అలవాటుంది.

ఇంకొక మాట. వారానికి పది శాతం కన్నా ఎక్కువ దూరం పెంచకూడదని అందరూ అంటారు. అది అంత ఖచ్చితమైన సూత్రమేనా? మొదటి వారం ఐదు కిలోమీటర్లు పరుగెత్తిన మనిషికి పది శాతం అంటే అర కిలోమీటరే.

నింపాది:
మంచి ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్తవారి మీద ఒక అధ్యయనం చేశారు, ఫలితాలు 2008లో వచ్చాయి. ఒక బృందం ఎనిమిది వారాల మామూలు పద్ధతిలో, మరో బృందం పది శాతం సూత్రంతో పదమూడు వారాల్లో సాధన చేసింది. రెండు బృందాల్లోనూ దాదాపు ఐదింట ఒకరికి గాయమైంది, చెప్పుకోదగ్గ తేడా లేదు. కనుక ఆ సంఖ్యను శిలాశాసనంలా చూడనక్కర్లేదు. నేను మాత్రం వేకువ గారి కాలిని గుర్తు పెట్టుకుని, దూరం పెంచిన వారం వేగం పెంచను, వేగం పెంచిన వారం దూరం పెంచను.

తీరికవేళ:
నాకు ఇద్దరు పిల్లలు. రెండో కాన్పు తర్వాత పరుగు మొదలుపెట్టాను. నలుగురిలో అడగలేని విషయం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, ఎవరైనా తల్లులు చదువుతారని. కాన్పైన రెండు నెలలకే బయలుదేరాను. పరుగెత్తినప్పుడల్లా మూత్రం కొద్దిగా పడిపోయేది, పొత్తికడుపు కిందికి జారుతున్నంత బరువుగా ఉండేది. పిల్లలను కన్నాక ఇది మామూలేనని ఊరుకున్నాను. మామూలు కాదని ఫిజియోథెరపిస్టు చెప్పేవరకు తెలియలేదు. కనీసం మూడు నెలలు ఆగాలి, కటి కింది కండరాలకు వ్యాయామం చేయాలి, నడక బాధ లేకుండా సాగాకే పరుగు అన్నారు. నాలుగు నెలలు ఆ వ్యాయామాలు చేశాక మళ్లీ మొదలుపెట్టాను, ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. దయచేసి సిగ్గుపడి భరించకండి. ఛాతీకి సరైన ఆధారమిచ్చే స్పోర్ట్స్ బ్రా కూడా బూట్లంత ముఖ్యం.

ఆరుపదులు:
నాకు 61. యాభై దాటినవారు, రక్తపోటు, చక్కెర, గుండె జబ్బు ఉన్నవారు ముందు వైద్యుడిని కలిసే మొదలుపెట్టాలి. పరుగులో ఛాతీ బిగిసినా, తల తిరిగినా, కళ్లు చీకట్లు కమ్మినా అక్కడే ఆగాలి. ఈ రెండింటి విషయంలో మొహమాటం వద్దు. ఇక పద్ధతి అంటారా, 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన జెఫ్ గాలోవే నేర్పినదే నాది. అలసట రాకముందే నడకకు మారడం. మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఐదేళ్లుగా ఇదే. ఆగకుండా పరుగెత్తాలన్న కోరిక నాకు ఎప్పుడూ కలగలేదు.

కొత్తఅడుగు (ఆరు వారాల తర్వాత):
అందరికీ నమస్కారం. మానేయలేదు. వేగం తగ్గించిన మొదటి రోజే డొక్క పోటు రాలేదు. నింపాది గారు చెప్పిన 'కౌచ్ టు 5కె' పద్ధతి నాలుగు వారాలు సాఫీగా సాగింది. ఐదో వారం మూడో రోజు దగ్గర ఆగిపోయాను. అంతకు ముందు రోజు ఎనిమిది నిమిషాల చొప్పున రెండుసార్లు, మధ్యలో నడక. ఈ రోజు ఒకేసారి ఇరవై నిమిషాలు ఆగకుండా పరుగెత్తమంటోంది. పదమూడో నిమిషంలో ఆగిపోయాను. మనసు బాగోలేదు.

నింపాది:
ఆ రోజు పేరు చెప్పగానే ఈ పద్ధతిలో వెళ్లినవారందరికీ గుర్తొస్తుంది. నేనూ అక్కడే ఆగాను. ఆరు వారాల క్రితం రెండు నిమిషాలకు ఆగిన మీరు పదమూడు నిమిషాలు పరుగెత్తారు. మొదటి ఐదు నిమిషాలు మరీ నెమ్మదిగా, ఇది పరుగేనా అని మీకే అనుమానం వచ్చేటంత నెమ్మదిగా వెళ్లండి.

కొత్తఅడుగు (మరో ఐదు రోజులకు):
ఇవాళ ఇరవై నిమిషాలు పూర్తయ్యాయి. పదిహేడో నిమిషంలో మా చెల్లెలికి ఫోను చేసి మాట్లాడాను, నింపాది గారి పరీక్ష పెట్టి చూద్దామని. పరుగెత్తుతున్నానంటే తను నమ్మలేదు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రాస్తున్నాను, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. రేపు మళ్లీ వెళ్లాలని ఉంది. వేకువ గారూ, వెళ్లవచ్చా?

వేకువ:
వద్దు. రేపు కావాలంటే నడవండి. ఎల్లుండి కూడా ఇదే ఇరవై నిమిషాలు, ఇదే వేగం. వెళ్లే ముందు రెండు కాళ్ల ముందు ఎముకలను పై నుంచి కింది దాకా వేలితో నొక్కి చూసుకోండి. ఎక్కడా కలుక్కుమనకపోతే బయలుదేరండి.