పాలమూరు, నల్లగొండల్లో బీజేపీకి కొత్త నాయకులు ఎక్కడి నుంచి రావాలి?

జడ్చర్ల వాసి:
2024 లోక్‌సభ ఎన్నికల్లో మన దక్షిణ తెలంగాణలో బీజేపీ నిలబెట్టిన నలుగురినీ గుర్తు చేసుకోండి. మహబూబ్‌నగర్‌లో డీకే అరుణ గారు కాంగ్రెస్ నుంచి వచ్చినవారు. నల్లగొండలో సైదిరెడ్డి, నాగర్‌కర్నూల్‌లో భరత్ ప్రసాద్ ఎన్నికల ముందే బీఆర్ఎస్ నుంచి వచ్చారు. భువనగిరిలో బూర నర్సయ్యగౌడ్ గారు అంతకుముందు టీఆర్ఎస్ ఎంపీ. ఆ పార్టీలోనే పెరిగినవారు ఒక్కరూ లేరు. నేను ఆ పార్టీకే ఓటేస్తాను కాబట్టి బాధతోనే అడుగుతున్నా. జెండా మోసినవాళ్లలోంచి నాయకుణ్ని తయారు చేసుకోవాలా, బయటి నుంచి తెచ్చుకుంటూనే ఉండాలా?

నకిరేకల్ టీచర్:
తెచ్చుకోక తప్పదు. మా నల్లగొండలో సాయుధ పోరాటం నాటి నుంచి ఎర్రజెండా బలం ఉంది, ఆ తర్వాత కాంగ్రెస్ పెద్ద కుటుంబాల పట్టు. మునుగోడులో 2018లో బీజేపీకి వచ్చినవి 12 వేల చిల్లర ఓట్లు. 2022 ఉప ఎన్నికలో కాంగ్రెస్ నుంచి వచ్చిన రాజగోపాల్ రెడ్డి గారు నిలబడితే 86 వేలు దాటాయి. సిద్ధాంతం నచ్చినవాళ్లు ఊరికి పది మంది ఉంటారేమో. వాళ్లతో బూత్ దగ్గర టేబుల్ వేసుకోగలం గానీ గెలవలేం.

కల్వకుర్తి కార్యకర్త:
సార్, మునుగోడు సంగతి సగమే చెప్పారు. ఆ ఉప ఎన్నికలో ఓడారు. ఏడాది తిరక్కుండానే, 2023 అక్టోబర్‌లో ఆయన కాంగ్రెస్‌కు వెళ్లి అదే సీటు గెలిచారు. బీజేపీ మూడో స్థానంలోకి పడింది. ఆ ఓట్లు ఆయనతో వచ్చాయి, ఆయనతోనే పోయాయి.

మా జిల్లాలో ఇది పాత సంగతే. 2012 ఉప ఎన్నికలో మహబూబ్‌నగర్ అసెంబ్లీ సీటు బీజేపీకి తెచ్చిన యెన్నం శ్రీనివాస్ రెడ్డి గారు 2023లో అక్కడే కాంగ్రెస్ ఎమ్మెల్యే అయ్యారు. జితేందర్ రెడ్డి గారు 1999లో బీజేపీ ఎంపీ, 2014లో టీఆర్ఎస్ ఎంపీ, 2019లో మళ్లీ బీజేపీ, 2024లో టికెట్ రాకపోయేసరికి కాంగ్రెస్. ఎవరి దారి వారిష్టం, నేను తిట్టడం లేదు. ప్రతిసారీ కింద ఉన్నవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది, నా బాధ అది.

మా కల్వకుర్తి అసెంబ్లీ సీటులో బీజేపీ అభ్యర్థి ఆచారి గారిని చూడండి. 2014లో 78 ఓట్లతో ఓడారు. 2018లో, 2023లో కూడా ఓడారు, అయినా పార్టీ మారలేదు. 2014 పోలింగ్ రోజు మేం బూత్ బయట కూర్చుని, ఓటర్ల జాబితాలో స్కేలు పెట్టి ఓటేసినవాళ్ల పేర్లు కొట్టేస్తూ పోయాం. మధ్యాహ్నానికి మిగిలినవన్నీ ముంబై, పుణె వలస పోయినవాళ్ల పేర్లే. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. ‘అన్నా, మేస్త్రీ పంపుతలేడు’ అన్నారు. రెండు బస్సుల జనం వచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. ఆ ఫోన్లు చేసినవాళ్లు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లలో ఒకరిని ముందుకు తేవడం గురించి ఎవరూ మాట్లాడరేం?

మక్తల్ ఓటరు:
అన్నా, వచ్చినవాళ్లందర్నీ ఒకే గాటన కట్టొద్దు. అరుణ గారు 2019లో చేరారు, ఆ ఎన్నికలో ఓడినా పార్టీలోనే ఉన్నారు. 2024లో 4,500 ఓట్లతో గెలిచారు. ఓడాక కూడా ఉన్నవారిని బయటివారు అనడం న్యాయం కాదు.

సూర్యాపేట న్యాయవాది:
నాకు వేరే పట్టింపు ఉంది. 2023 అక్టోబర్ 27న మా సూర్యాపేట సభలోనే అమిత్ షా గారు బీసీని ముఖ్యమంత్రిని చేస్తామన్నారు. 2025 జూలైలో రాష్ట్ర అధ్యక్షుడిగా రాంచందర్ రావు గారు వచ్చారు. మంచి వకీలు, విద్యార్థి పరిషత్ నుంచి ఎదిగినవారు. 2015లో మహబూబ్‌నగర్ పట్టభద్రులు కూడా ఓటేసి ఎమ్మెల్సీని చేశారు. కల్వకుర్తి అన్న అడిగే పాత కార్యకర్త ఆయనే కదా. కానీ ఆయన బీసీ కాదు, సభలో చప్పట్లు కొట్టిన బీసీ కుర్రాళ్లు ‘మాట ఏమైంది’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పైగా అధ్యక్ష పదవికి నామినేషన్ ఒక్కటే పడింది. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ గారు అదే గొడవలో పార్టీకి రాజీనామా చేశారు. పోటీ పెట్టి ఉంటే ఎవరి బలం ఎంతో తేలేది.

కల్వకుర్తి కార్యకర్త:
లాయర్ సాబ్, ఆ మాట ఒప్పుకుంటా. పాత మనిషి అధ్యక్షుడు కావడం నాకు సంతోషమే. అయితే హైదరాబాద్‌లో అధ్యక్షుడు మారినంత మాత్రాన తిమ్మాజీపేటలో ఎవరికి బీ ఫారం, అంటే పార్టీ టికెట్ కాగితం, దొరుకుతుందో మారదు. మక్తల్ అక్కా, అరుణ గారి విషయంలో నాకూ పేచీ లేదు. ఓడి కూడా ఉన్నవారిని మావారే అనుకుంటాం.

నకిరేకల్ టీచర్:
సరే, మీ కార్యకర్తకే టికెట్ ఇచ్చారనుకుందాం. ఖర్చు ఎవరు పెడతారు? నల్లగొండలో 2024లో కాంగ్రెస్ మెజారిటీ 5 లక్షల 59 వేలు దాటింది. అంత తేడా మీద పోరాడాలంటే చేతిలో ఏదో ఉండాలి కదా.

కల్వకుర్తి కార్యకర్త:
ఎంపీ సీటుతో ఎందుకు మొదలుపెట్టాలి సార్? సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు గానీ ఎంపీటీసీ, జడ్పీటీసీలకు ఉంటుంది. ఆ బీ ఫారాలు కనీసం ఐదేళ్లు పార్టీలో ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఆ పేరు మండల కమిటీ ఓటు వేసి తేల్చాలి, అందులో బీసీలకు సగం దక్కాలి. ఎంపీటీసీ స్థానమంటే ఒకటి రెండు ఊళ్లు, కాలినడకన తిరగొచ్చు. అక్కడ గెలిచినవాడు ఐదేళ్లు పింఛన్ల కోసం, రోడ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఆ తర్వాత అసెంబ్లీకి అతని పేరు మనం చెప్పనక్కర్లేదు, ఊళ్లే చెబుతాయి. చేరికలు ఆపమని నేననను. చేరిన రోజే టికెట్ ఇవ్వొద్దు అంటున్నా, అంతే.