సమస్య: తోకఁ బట్టి నడచి దొరనుఁ జేరె

నిర్వాహకుడు, తిరుపతి: ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూరించాలి, అదే పూరణ. మన ఊళ్లో పొద్దున లేస్తే వినిపించే ‘క్యూ’ అనే మాట పుట్టుక పూరణలో తెలియాలి. లాటిన్‌లో ‘కౌడా’ అంటే తోక. ఆ మాట ఫ్రెంచివాళ్ల నోట అరిగి ఇంగ్లీషులోకి వచ్చింది. వెనక వేలాడే జడనూ క్యూ అన్నారు. బిలియర్డ్స్ కర్ర పేరూ ఆ తోకే.

చిత్తూరు సభ్యురాలు:
ఆవు దాన మిచ్చి యాయువు తీరంగ
వైతరణిని దాఁటువాఁడు మురిసి
విష్ణులోక మందు వేడ్కతో ధేనువు
తోకఁ బట్టి నడచి దొరనుఁ జేరె

నిర్వాహకుడు: అమ్మా, ధార చాలా బాగుంది. గోదానం నమ్మకం సమస్యలో చక్కగా ఒదిగింది. కానీ క్యూ ఊసే లేదు. నియమం ప్రకారం ఇంకొకటి రాయండి.

తిరుపతి సభ్యుడు:
క్యూవు తోక యంచుఁ గూర్చిరి ఫ్రెంచివా
రదియె యాంగ్లభాష నడుగు పెట్టె
తిరుమలేశుఁ జూడ దీక్షతో భక్తుఁడా
తోకఁ బట్టి నడచి దొరనుఁ జేరె

శ్రీకాళహస్తి సభ్యుడు: ‘భక్తుఁడా తోక’ అని పాదాలు కలిపిన తీరు నాకు భలే నచ్చింది తమ్ముడూ. ఒక్క లోపం: మూడో పాదంలో తిరుమలేశుడు, నాలుగో పాదంలో దొర. ఇద్దరూ ఒకరే కాబట్టి పునరుక్తి. ‘ఏడుకొండ లెక్కి యెండలో భక్తుఁడా’ అంటే యతి (పాదం మధ్యలో మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం) నిలుస్తుంది, నడక కష్టమూ కనిపిస్తుంది.

మదనపల్లె సభ్యుడు:
కౌడ యనెడి మాట గలదు లాటినునందు
క్యూగ ఫ్రెంచివారు కూర్చి రంత
రొట్టె కొఱకు నిలిచి రోజంత వనితాళి
తోకఁ బట్టి నడచి దొరనుఁ జేరె

వనితాళి అంటే ఆడవాళ్ల గుంపు. ఇక్కడ దొర ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ. 1789 అక్టోబరు 5న పారిస్ ఆడవాళ్లు రొట్టె కోసం రాజు కోట ఉన్న వెర్సాయ్ దాకా నడిచారు.

నిర్వాహకుడు: దొరను తిరుమల దాటించిన పూరణ ఇదొక్కటే. ఇంగ్లీషులో మనుషుల బారుకు ఈ మాట వాడింది కూడా ఆనాటి ఫ్రెంచి విప్లవం గురించి రాస్తూనే. 1837లో రచయిత థామస్ కార్లైల్, రొట్టెల అంగళ్ల ముందు నిలబడ్డ జనాన్ని అలా అన్నాడు. అయితే మాస్టారూ, అంగడి ముందు బారు ఉంది, వెర్సాయ్‌కి వెళ్లింది మాత్రం గుంపు. ‘తోకఁ బట్టి’ అక్కడ సరిగా అతకదు.

మదనపల్లె సభ్యుడు: ఒప్పుకుంటాను. మూడో పాదం మార్చి రేపు పెడతాను.

శ్రీకాళహస్తి సభ్యుడు: మార్చినా ‘వనితాళి’ని మాత్రం వదలకండి.