ఏళ్ల తరబడి తిరిగాక విదేశంలో మాస్టారు ఉద్యోగం: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

ఆమదాలవలస_లెక్కలు
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. వయసు 39. డీఎస్సీ రెండుసార్లు కొద్దిలో పోయింది. శ్రీకాకుళంలో కోచింగ్ సెంటర్, విజయవాడలో కార్పొరేట్ కాలేజీ, తర్వాత రాయగడ, భిలాయి, గువాహటి. పదిహేనేళ్లు ఇలాగే గడిచాయి. మా పాప నాలుగో తరగతికే మూడు లిపులు మొదలుపెట్టింది, ఒక్కటీ కుదురుగా రాలేదు. ఇప్పుడు మాల్దీవుల స్కూలు నుంచి ఆఫర్ వచ్చింది. అక్కడైనా స్థిరపడవచ్చా? మన జిల్లాలవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రాజాం_సైన్స్_టీచర్
అన్నయ్యా, నేను అక్కడ ఆరేళ్లు చేశాను. మాది చిన్న దీవి, ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల నడక. శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం బడి. పాఠాలు ఇంగ్లిష్‌లోనే. పెద్ద క్లాసులకి కేంబ్రిడ్జ్ పరీక్షలు ఉంటాయి కాబట్టి మన దగ్గరలా బిట్లు బట్టీ పట్టిస్తే నడవదు. మొదటి నెలలో ఒక బాబు లేచి, "మిస్, ఇది పుస్తకంలో ఉంది. ఎందుకలా అవుతుందో చెప్పండి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి సముద్రపు నీళ్లు, కొబ్బరి చిప్పలు, ఏది దొరికితే దానితో చేసి చూపించాను. నాకు పాఠం చెప్పడం వచ్చింది అక్కడే.

కానీ స్థిరపడటం వేరే మాట. ముస్లిం కానివాళ్లకి అక్కడ పౌరసత్వం రాదు, అది వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. నా కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ అయ్యేది, ప్రతిసారీ టెన్షనే. ఇంకోటి, పూజా విగ్రహాలు పట్టుకెళ్లకండి, కస్టమ్స్‌లో రానివ్వరు. అమ్మ నా సూట్‌కేసులో పెట్టిన పైడితల్లి అమ్మవారి చిన్న విగ్రహాన్ని బయలుదేరే రోజు తీసి తమ్ముడి చేతికిచ్చాను. అప్పటి మా అమ్మ ముఖం ఇప్పటికీ గుర్తే.

ఎచ్చెర్ల_లెక్చరర్
నేను ఇథియోపియాలో, ఉత్తరాన టిగ్రే ప్రాంతంలో పనిచేశాను. పిల్లలు ప్రాణం పెట్టేవారు. 2020 నవంబరులో యుద్ధం మొదలై ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. ఇంటికి కబురు చేసే దారి లేక, ఇక్కడ మావాళ్లు అన్నం మానేశారు. ఏ దేశమైనా ఎంబసీ నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.

బొబ్బిలి_దుబాయ్
మాస్టారూ, దేశం ఏదైనా ముందు సర్టిఫికెట్లు చూసుకోండి. నా డిగ్రీ పాడవకూడదని నాన్నగారు ఎంతో ప్రేమగా లామినేషన్ చేయించారు. యూఏఈకి రాష్ట్రం, మన విదేశాంగ శాఖ, వాళ్ల ఎంబసీ వరుసగా అటెస్ట్ చేయాలి. స్టాంపు ఒరిజినల్ వెనక పడాలి, ప్లాస్టిక్ మీద వేయరు. షాపులో వేడి చేసి అంచు పట్టుకుని లాగుతుంటే యూనివర్సిటీ ముద్ర సగం ఆ ప్లాస్టిక్‌తోనే లేచిపోయింది. నాన్నగారు పక్కనే నిలబడి చూశారు. డూప్లికేట్ కోసం తిరిగేలోపు ఆ ఏడాది ఉద్యోగం పోయింది.

పోలీస్ క్లియరెన్స్‌కి పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో అప్లై చేయాలి. ఏజెంటు ద్వారా వెళ్తే, అతను ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ సైట్‌లో రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. 30 వేలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు.

విజయనగరం_ఫిజిక్స్
లెక్కల మాస్టార్లకి ఇంగ్లండ్ దారి కూడా ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో అర్హత పొందిన లెక్కలు, సైన్స్, భాషల టీచర్లు అక్కడి టీచర్ హోదాకి నేరుగా అప్లై చేసుకోవచ్చు. అమెరికా జే-1 వీసా అయితే మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో రెండేళ్లు, ఆ తర్వాత తిరిగి రావాల్సిందే.

ఆమదాలవలస_లెక్కలు
అందరికీ చేతులెత్తి దండం. మా ఆవిడతో రాత్రి కూర్చుని మాట్లాడాను. మాల్దీవులకి మొదటి ఏడాది నేనొక్కడినే వెళ్తాను. పాప ఇక్కడే అమ్మ దగ్గర ఉండి ఒకే బడిలో చదువుతుంది. ఈలోపు ఇంగ్లండ్‌కీ అప్లై చేస్తాను. బొబ్బిలి అన్నా, నా బీఈడీ కూడా లామినేషన్‌లోనే ఉంది. ఇప్పుడేం చేయమంటారు?

బొబ్బిలి_దుబాయ్
ముందు యూనివర్సిటీలో డూప్లికేట్ ఎన్నాళ్లకి ఇస్తారో కనుక్కోండి. షాపుకే వెళ్తే పాత మార్కుల జిరాక్స్ ఒకటి లామినేషన్ చేయించి, దాన్ని మీ కళ్లముందే తీయమనండి. అది చెక్కుచెదరకుండా వస్తేనే మీ ఒరిజినల్ చేతికివ్వండి.