శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఎల్‌ఏ, ఐదు రోజులు: నాపా ఉంచాలా, తీసేయాలా?

కొత్తదారి
అక్టోబరు రెండో వారం. నేను, మా ఆవిడ, ఇండియా నుంచి వస్తున్న అమ్మానాన్న. నాన్నకు 68, మోకాళ్ల నొప్పి. అమ్మానాన్న ఇద్దరూ మందు ముట్టరు. ప్లాను ఇదీ: మొదటి రోజు శాన్ ఫ్రాన్సిస్కో. రెండో రోజు వైన్ కంట్రీ, అంటే ద్రాక్ష తోటలు, వైనరీలు ఉన్న నాపా లోయకు వెళ్లి రాత్రికి మళ్లీ సిటీ. మూడో రోజు హైవే 1 మీద మాంటెరీ, కార్మెల్, బిగ్ సర్, రాత్రికి కేంబ్రియా. నాలుగో రోజు పాసో రోబుల్స్ వైన్ తోటలు చూసుకుని శాంటా బార్బరా. ఐదో రోజు ఎల్‌ఏ, రాత్రి ఫ్లైట్. ఎస్‌ఎఫ్‌ఓలో కారు తీసుకుని ఎల్‌ఏఎక్స్‌లో వదిలేస్తాం. నాపా గురించే మా ఇంట్లో గొడవ. ఏమంటారు?

మైలురాయి
తీసేయండి. మ్యాప్ తెరిచి చూడండి. మీరు పోయేది దక్షిణానికి, నాపా ఉన్నది సిటీకి పైన, 50 మైళ్ల అవతల. అక్కడ సముద్రం ఊసే లేదు. పొద్దున గంటన్నర, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు, పైగా బ్రిడ్జి టోలు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది.

అసలు చిక్కు మీ మూడో రోజు. సిటీ నుంచి మాంటెరీ హైవే 101 మీద 115 మైళ్లు, రెండు గంటల పైమాటే. కార్మెల్ నుంచి కేంబ్రియా దగ్గర దగ్గర 100 మైళ్లు. ఎక్కడా ఆగకపోయినా రెండున్నర, మూడు గంటలు. బిక్స్‌బీ వంతెన, మెక్‌వే జలపాతం, పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఏనుగు సీళ్లు, మధ్యలో భోజనం, బాత్రూములు. పెద్దవాళ్లు కారు దిగి ఎక్కడానికే ఒక్కోచోట పది నిమిషాలు. ఎనిమిదికి బయలుదేరి మాంటెరీ అక్వేరియం చూశారంటే కార్మెల్ దాటేసరికి మూడవుతుంది. అక్టోబరు మధ్యలో ఆరున్నరకే పొద్దు గూకుతుంది. ఆఖరి 40 మైళ్లు చీకట్లో, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, వీధి దీపం ఒక్కటి ఉండదు. డబ్బు పెట్టి చూడ్డానికి వచ్చిన సముద్రాన్ని చూడకుండానే దాటేస్తారు.

నాపా రోజు తీసి మాంటెరీకి ఇవ్వండి. అక్కడే రాత్రి పడుకుని, మర్నాడు తొమ్మిదికి కార్మెల్ దాటండి.

సగం_ట్యాంకు
కార్మెల్‌లో ట్యాంకు నింపుకోండి. బిగ్ సర్‌లో బంకులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గోర్డాలో రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ద్రాక్షతోట
మైలురాయి గారికి మైళ్లు తప్ప ఇంకేం కనపడవు. వైన్ కంట్రీ అని రాసి నాపా తీసేస్తే, తిరుపతి వెళ్లి కొండెక్కకుండా వచ్చినట్టే. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి వైన్లను కాదని జడ్జీలు మొదటి స్థానం ఇచ్చింది నాపా సీసాలకే. తెల్లదాంట్లో షాటో మాంటెలీనా 1973 షార్డనే, ఎర్రదాంట్లో స్టాగ్స్ లీప్ 1973 కాబర్నే. ఆ లోయ ఇప్పటికీ తోటలుగా మిగలడానికి కారణం 1968లో చేసిన వ్యవసాయ రక్షణ నిబంధన. అది లేకపోతే అక్కడా ఇళ్ల ప్లాట్లే ఉండేవి.

మోకాళ్ల నొప్పి మనిషికి నాపాయే సుఖం. లోయ అడుగంతా చదును, తోట పక్కనే కారు ఆపొచ్చు. హైవే 29 వద్దు, అది రద్దీ. తూర్పున సిల్వరాడో ట్రెయిల్ పట్టుకోండి. 1990 తర్వాత వచ్చిన వైనరీలకు అపాయింట్‌మెంట్ ఉంటేనే లోపలికి రానిస్తారు కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. రోజుకు రెండు చాలు. మూడోది పెట్టుకుంటే ఏదీ గుర్తుండదు.

గల్లీ_డ్రైవర్
అన్నా, గా బిగ్ సర్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ముందుగాల్నే ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండ్రి. హోటల్ అడ్రసు కాగితం మీద రాసుకోండ్రి.

మైలురాయి
పారిస్ గెలుపు కథ బాగుంది, దాంతో దారి దగ్గరైపోదు కదా. పాసో రోబుల్స్ మీ దారిలోనే ఉంది. కేంబ్రియాకు కాస్త కిందనే హైవే 46 వెస్ట్ ఎక్కితే 30 మైళ్లు, ముప్పావు గంట. ఆ రోడ్డు కొండ మీదికెక్కి వెనక్కి తిరిగితే మోరో బే వైపు సముద్రం కనిపిస్తుంది, ముందుకు దిగితే తోటలు. అక్కడ కొండల మధ్య టెంపుల్‌టన్ గ్యాప్ అని ఒక సందు ఉంది. పగలు ఎండ మండిపోతున్నా సాయంత్రానికి సముద్రపు చల్లగాలి ఆ సందులోంచి లోపలికి వస్తుంది. ఎండాకాలంలో పగటికి, రాత్రికి 40 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా. ద్రాక్షకు కావలసింది అదే: పగలు తీపి పట్టాలి, రాత్రి పులుపు నిలవాలి. టేస్టింగ్ (వైన్ రుచి చూడ్డం) ఫీజు కూడా నాపా కంటే తక్కువ.

మీ ఇద్దరూ పాసోలో రెండు మూడు గంటలు గడపొచ్చు. పెద్దవాళ్లను కేంబ్రియాలోనే మూన్‌స్టోన్ బీచ్ దగ్గర దింపేయండి. చెక్కబాట చదునుగా ఉంటుంది, బెంచీలుంటాయి. తాగని వాళ్లకు వైనరీలో పనేముంది?

చందమామ_77
వైన్ తోటలే చూడాలంటే లివర్‌మోర్ గుడికి వెళ్లండి. దర్శనం అయ్యాక పది నిమిషాల్లో తోటలు. వెంటీ, కాంకానన్ అనే వైనరీలు రెండూ 1883 నాటివి. బే ఏరియా తెలుగువాళ్లం ఏళ్ల తరబడి గుడికి పోతూ పక్కనున్న వైన్ కంట్రీని గమనించనే లేదు.

ద్రాక్షతోట
లివర్‌మోర్‌ను తెచ్చి నాపా పక్కన పెట్టకండి, దండం పెడతా.

దక్షిణాయనం
అందరూ నాపా అని కొట్టుకుంటున్నారు. ముఖ్యమైంది దిశ. ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లడమే కరెక్టు. అమెరికాలో కుడివైపు నడుపుతాం కాబట్టి సముద్రం మన పక్కనే ఉంటుంది, వ్యూ పాయింట్లోకి కుడికి తిప్పితే చాలు. ఎదురుగా వచ్చినవాళ్లు ప్రతిసారీ ఎడమకు, ఎదుటి లేన్ దాటుకుని తిప్పాలి.

ఉప్పుగాలి
సముద్రం మన పక్కనే అంటే లోయ కూడా మన పక్కనే. ఎత్తంటే భయం ఉన్నవాళ్లను కుడి కిటికీ దగ్గర కూర్చోబెడితే గంటసేపు కళ్లు మూసుకుంటారు. కొత్తదారి గారూ, మీ వాళ్లలో ఎవరికైనా కార్లో వాంతులయ్యే అలవాటుందా? ఉంటే ముందు సీటు ఇవ్వండి, పొద్దున ఇడ్లీలాంటి తేలిక టిఫిన్ పెట్టండి. అవోమిన్ వేయాలంటే బయలుదేరడానికి గంట ముందు, అదీ వాళ్ల డాక్టర్ని అడిగాకే. దానితో మత్తు వస్తుంది, వేరే మందులు వాడే పెద్దవాళ్లకు తూలు కూడా రావచ్చు.

దక్షిణాయనం
భయపడేవాళ్లు ఎడమ కిటికీలో కూర్చోవచ్చు. దిశ మాత్రం దక్షిణమే.

సగం_ట్యాంకు
ఏ దిశైనా ట్యాంకు నింపుకోండి. దక్షిణానికి పోయేవాళ్లు కార్మెల్‌లో. ఉత్తరానికి వచ్చేవాళ్లు కేంబ్రియాలో.

ఉప్పుగాలి
మైళ్లు, దిశ, పెట్రోలు అన్నీ లెక్కేశారు. డ్రైవింగ్ ఎవరు చేస్తారో ఒక్కరూ అడగలేదు. టేస్టింగ్ అంటే నాలుగైదు రకాలు, ఒక్కోటి ఔన్సు నుంచి రెండు ఔన్సులు పోస్తారు. మామూలు గ్లాసు ఐదు ఔన్సులు. అంటే ఒక్కో వైనరీలో గ్లాసు నుంచి రెండు గ్లాసులు. రెండు చోట్లకు వెళ్తే ఆ మనిషి స్టీరింగ్ పట్టకూడదు. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం, అంతకంటే తక్కువున్నా తూలుతున్నట్టు కనిపిస్తే పట్టుకుంటారు. పాసో తర్వాత ఆ సాయంత్రమే 125 మైళ్లు శాంటా బార్బరా పోవాలి. అయితే ఇద్దరిలో ఒకరు ముట్టకుండా ఉండాలి, లేదా నోట్లో తిప్పి బల్ల మీది బకెట్‌లో ఉమ్మేయాలి. ఉమ్మడం తప్పేమీ కాదు, వైన్ తయారుచేసేవాళ్లు చేసేదే అది. చాలా ఇళ్లలో ఆ “ఒకరు” ఎవరో అడక్కుండానే తేలిపోతుంది, కారు తాళం భార్య చేతికొస్తుంది. అది ఇంట్లోనే మాట్లాడుకుని బయలుదేరండి.

మూత తీసిన సీసా కారు లోపల ఉండకూడదు, డిక్కీలోనే. మూత తీయనివి కూడా ఎండలో డిక్కీలో వదిలేస్తే వేడికి కార్కు పైకి తంతుంది, వైన్ పాడవుతుంది. చిన్న ఐస్ బాక్స్ పెట్టుకోండి.

మైలురాయి
అందుకే చెప్పాను, పెద్దవాళ్లను బీచ్‌లో వదిలి మీ ఇద్దరూ వెళ్లండని. ఒక్క వైనరీ, గంటన్నర, తిరిగి కేంబ్రియా. ఆ రాత్రీ అక్కడే. డ్రైవింగ్ గొడవే ఉండదు.

ద్రాక్షతోట
ఆగండి. ఇందాకట్నుంచి మీకు పెద్దవాళ్లంటే ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాల్సిన సామాను. తాగరు కాబట్టి తోటలో పనేముందన్నారు. తాగని మనిషి తోట చూడకూడదా? మన దగ్గర మామిడి తోటకు వెళ్తే అందరూ కాయలు తినడానికేనా వెళ్లేది?

మైలురాయి
మీరు నాపా అమ్మడానికి పెద్దవాళ్లను అడ్డం పెట్టుకుంటున్నారు.

ద్రాక్షతోట
నాపా వదిలేశాను పొండి! మీ పాసోకే తీసుకెళ్లమనండి. కానీ లోపలికి తీసుకెళ్లమనండి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ షాహీ ద్రాక్ష ఎలా పెంచేవాళ్లో తెలుసా? తల మీద పందిరి, కింద నీడ, గుత్తులు పైనుంచి వేలాడతాయి. ఇక్కడ నడుము ఎత్తులో తీగలు, వరుసలు, గుత్తులు మోకాలి దగ్గర. పాసో పడమటి వైపు పాత జిన్‌ఫాండెల్ రకం ద్రాక్ష మొక్కలకు తీగ కూడా ఉండదు, పొదలా వంకర్లు తిరిగి నిలబడి ఉంటాయి. కొన్ని తోటలకు నీళ్లే పెట్టరు, వానాకాలపు తడిని నేల పట్టి ఉంచితే దాంతోనే కాపు. కింద తెల్లగా, సున్నపురాయి ముక్కలు. సేద్యం చేసిన మనిషిని అక్కడ నిలబెట్టండి, చాలా ప్రశ్నలు అడుగుతాడు. కోత కూడా రాత్రిపూట లైట్లు పెట్టుకుని కోస్తారు, కాయ చల్లగా ఉండాలని. మీరు గ్లాసు చూస్తున్నారు, నేను పొలం చూడమంటున్నా.

చందమామ_77
ఇది మూడు రోజుల ముందే చెప్పాల్సింది కదండీ 🙂

కొత్తదారి
నాన్నది వ్యవసాయమే. మా ఊళ్లో ద్రాక్ష లేదు, బత్తాయి. ఆ సంగతి మొదటి పోస్టులో రాయాలని నాకు తట్టలేదు.

మైలురాయి
అది ముందే చెప్పుంటే బీచ్ మాట అనేవాణ్నే కాదు. సరే, అయితే రెండు విషయాలు. కొన్ని చోట్ల 21 దాటిన వాళ్లనే రానిస్తారు, అది మీకు అడ్డు కాదు. కానీ తాగని వాళ్లకూ మనిషికింత అని ఫీజు తీసుకునే చోట్లున్నాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. టేస్టింగ్ కాదు, తోట నడక ఉన్న టూర్ అడగండి. అదీ పొద్దున పది, పదకొండుకు. మధ్యాహ్నం ఎండ, పైగా చాలా వైనరీలు నాలుగు, ఐదుకల్లా మూసేస్తారు.

దక్షిణాయనం
కొండ జారిపడి రోడ్డు మూసేస్తే? 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ జారితే ఏడాదికి పైగా దారి లేదు. 2021 జనవరిలో ర్యాట్ క్రీక్ దగ్గర రోడ్డే సముద్రంలోకి కొట్టుకుపోయింది.

మైలురాయి
బయలుదేరే ముందు రోజు రాత్రి కాల్‌ట్రాన్స్ (రాష్ట్ర రోడ్ల శాఖ) వాళ్ల క్విక్‌మ్యాప్ చూడండి. కార్మెల్‌కూ కేంబ్రియాకూ మధ్య కొండ దాటే రోడ్డు నాసిమియెంటో-ఫెర్గుసన్ ఒక్కటే, 2020 మంటలు, ఆ వెంటే వానలతో అదీ దెబ్బతింది. దాని మీద ఆశ పెట్టుకోకండి. హైవే 1 మూసేస్తే కార్మెల్ నుంచి మెక్‌వే దాకా, 37 మైళ్లు, తెరిచి ఉన్నంత మేర వెళ్లి వెనక్కి రండి. తర్వాత 101 మీద రెండు గంటల్లో పాసో.

ఇంకొకటి. వెనుక ఐదు కార్లు పోగైతే పక్కన టర్నౌట్‌లోకి తప్పుకోవాలని ఇక్కడ చట్టమే ఉంది. మెల్లగా నడిపితే తప్పు లేదు, దారివ్వకపోతే తప్పు.

గల్లీ_డ్రైవర్
సిటీల కారు తీస్కోకుండ్రి. మొదటి దినం బస్సు, ట్రామే. లగేజీ కనబడితె అద్దం పగులగొడ్తరు. ఊరు ఇడిసే పొద్దున్నే తీస్కోండ్రి, పార్కింగ్ పైసలు గూడ మిగుల్తయ్. గోల్డెన్ గేట్ దాటినప్పుడు టోలు నగదు తీస్కోరు. నాకు ఒక కిరాయి కార్ల కంపినీ ఒక్క టోలుకు దినాల లెక్కన ఫీజు ఏసింది. కాగితం సదివి సంతకం పెట్టుండ్రి.

కొత్తదారి
అయితే ఇలా మార్చాను. ఒకటి: శాన్ ఫ్రాన్సిస్కో, కారు లేకుండా. రెండు: పొద్దున కారు తీసుకుని మాంటెరీ, అక్వేరియం, రాత్రి అక్కడే. మూడు: కార్మెల్ తొమ్మిదికి దాటి బిగ్ సర్, వెలుగు ఉండగానే కేంబ్రియా. నాలుగు: పదిన్నరకు పాసోలో తోట నడక, ఒక్కటే. మా ఆవిడ రుచి చూస్తుంది, నేను నడుపుతాను. సాయంత్రానికి శాంటా బార్బరా. ఐదు: 101 మీద కాలబాసస్‌లో దిగి మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి, తర్వాత ఎల్‌ఏఎక్స్.

ఉప్పుగాలి
బాగుంది. గుడి మధ్యాహ్నం మూసి ఉండొచ్చు, వేళలు చూసుకోండి. మీ నాన్నగారికి ఇండియాలో పంచడానికి సీసాలు కావాలంటే మనిషికి రెండు లీటర్ల దాకే సుంకం లేదు. అంటే 750 మిల్లీలీటర్లవి రెండే.

ద్రాక్షతోట
తాగరన్నారు కదా, సీసాలెందుకు?

ఉప్పుగాలి
ఊళ్లో అడిగేవాళ్లు ఉండరా ఏమిటి?

సగం_ట్యాంకు
మూడో రోజు, కార్మెల్, తొమ్మిది. ట్యాంకు సంగతి ప్లానులో ఎక్కడా రాయలేదు.