సాకెట్ మీద ఎన్‌ఫీల్డ్, బ్యారెల్ మీద ఆర్‌ఎఫ్ఐ: ఈ త్రీ నాట్ త్రీ ఎక్కడిది?

ఓరుగల్లు కోట: హన్మకొండలో ఎన్‌సీసీ కవాతుకు వాడే డీపీ (డ్రిల్ పర్పస్, కవాతుకే తప్ప కాల్చడానికి కాదు) రైఫిల్ ఇది. బట్ సాకెట్ (వెనక చెక్క, అంటే బట్, దూరే ఇనుప భాగం) కుడిపక్క కిరీటం, కింద జీఆర్ (జార్జ్ రెక్స్, అంటే జార్జ్ రాజు), ఎన్‌ఫీల్డ్ (ఇంగ్లండు ఫ్యాక్టరీ), 1917, ఎస్‌హెచ్‌టీ ఎల్‌ఈ (షార్ట్ లీ-ఎన్‌ఫీల్డ్, పొట్టి మోడల్), మూడు నిలువు గీతలు, స్టార్ (మార్క్ 3 స్టార్). బ్యారెల్ మీద ఆర్‌ఎఫ్ఐ. ఒకచోట బాణం గుర్తు, దాని కింద ఐ. ఇంగ్లండుదా, ఇషాపూర్‌దా?

కాజీపేట జంక్షన్: ఇషాపూర్‌దే. ఆర్‌ఎఫ్ఐ అంటేనే బెంగాల్‌లోని రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్. బాణం కింద ఐ అంటే ఇండియా గదా.

మానేరు తీరం: అన్నా, ఆ ఐ సొంతదారు గుర్తు, తయారీ గుర్తు కాదు. ఇంగ్లండుల తయారై ఇక్కడి సర్కారుకు వచ్చిన రైఫిళ్ల మీద కూడా అదే కొట్టిన్రు. ఎక్కడ పుట్టిందో చెప్పేది సాకెట్. బ్రిటిష్ కాలంల ఇషాపూర్ రైఫిల్ మీద కిరీటం కింద జీఆర్ఐ ఉంటది. చివరి ఐ 'ఇంపరేటర్', అంటే చక్రవర్తి. దీని మీద ఉత్త జీఆర్ ఉన్నది, అంటే బాడీ ఎన్‌ఫీల్డ్‌దే. అరిగిన బ్యారెల్‌ను ఇషాపూర్ల మార్చిన్రు.

కాజీపేట జంక్షన్: బాడీ నంబరు, బ్యారెల్ నంబరు ఒకటే ఉంటే?

మానేరు తీరం: అయినా రుజువు కాదు. కొత్త బ్యారెల్ మీద పాత నంబరే కొడ్తరు. బ్యారెల్ మొదట్ల ఎడమపక్క తేదీ చూడాలె. అది 17 కాకుంటే మారినట్టే. మ్యాగజీన్‌కు ముందు చెక్కకు అడ్డంగా స్క్రూ ఉంటే ఇంకో ఆధారం. ఫోర్‌ఎండ్ (బ్యారెల్ కింది ముందు చెక్క) చీలకుండా ఇండియాలనే వేసేది అది.

గోదావరిఖని: ఖైబర్ కనుమ పక్క ఊళ్లల్ల చేతితో చేసే నకలు కావచ్చా?

మానేరు తీరం: నకళ్లల్ల అక్షరాలు వంకర, ఎన్ తిరగబడి ఉంటది. వీఆర్ కింద 1907 అని కొట్టినవీ ఉన్నయి. విక్టోరియా రాణి పోయింది 1901ల, ఈ పొట్టి మోడల్ వచ్చిందే ఆ తర్వాత. 1917కు జీఆర్ సరిపోతది.

భద్రకాళి చెరువు: గుర్తులు చదవాలంటే ఎమెరీ కాయితం అస్సలు పెట్టొద్దు. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ గుర్తులు లోతు లేనివి, రెండు రుద్దుల్ల పోతయి. గుర్తింపు ముద్రలు చెరిపేసుడు 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం కూడా. కిరోసిన్ తడి గుడ్డతో తుడిచి, సుద్ద రుద్ది, టార్చి పక్కనుంచి ఏటవాలుగ పట్టండి. చెక్క విప్పాల్సి వస్తే ముందు ఫోర్‌ఎండ్, తర్వాతనే బట్. బట్ బోల్టు చదరపు కొస ఫోర్‌ఎండ్‌ల పట్టుకొని ఉంటది, ముందుగాల తిప్పితే చెక్క పగులుతది.

ఓరుగల్లు కోట: అడ్డ స్క్రూ ఉన్నది. బ్యారెల్ ఎడమపక్క 52.

కాజీపేట జంక్షన్: బాడీ ఎన్‌ఫీల్డ్ 1917, ఒప్పుకుంటున్న. రిజిస్టర్ల మాత్రం బ్యారెల్ ఇషాపూర్ 1952 అని పక్కనే రాయండి.