పలక చివర్లలో పల్లం, ఒక పక్క మందం: తిక్‌నెస్ ప్లేనర్ సెట్టింగ్ ఎలా?

కొత్తఉలి
నమస్తే అందరికీ. బెంచ్‌టాప్ తిక్‌నెస్ ప్లేనర్ (పలకని ఒకే మందానికి చిత్రిక పట్టే, బల్ల మీద పెట్టుకునే మిషన్) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, రెండు బ్లేడ్లది. మాన్యువల్ లేదు. పలక రెండు చివర్లా రెండేసి అంగుళాల మేర పల్లం పడుతోంది. పైగా 300 మి.మీ. వెడల్పు పలకకి కుడి అంచు కంటే ఎడమ అంచు 0.4 మి.మీ. మందంగా వస్తోంది. బ్లేడ్లు విప్పి మళ్ళీ బిగిస్తే సరిపోతుందా?

చిత్రికపొట్టు
బ్లేడ్ల జోలికి అప్పుడే పోకండి. చివర్ల పల్లానికీ వాటికీ దాదాపు సంబంధం ఉండదు. పలక మధ్య భాగం నడిచేటప్పుడు ముందు రోలర్, వెనక రోలర్ రెండూ అదిమి పట్టుకుంటాయి. మొదలు వెనక రోలర్ కిందికి చేరేదాకా ముందు రోలర్ పట్టు ఒక్కటే. చివర బయటికొచ్చేటప్పుడు వెనక రోలర్ ఒక్కటే. ఆ కాసేపట్లో బయట వేలాడే బరువుకి పలక వాలి, కట్టర్ హెడ్ (బ్లేడ్లు బిగించి తిరిగే దిమ్మ) దగ్గర పైకి లేస్తుంది, బ్లేడ్ ఎక్కువ తినేస్తుంది. పల్లం పొడవు కొలిచి చూడండి, రోలర్ నుంచి కట్టర్ హెడ్‌కి ఉన్న దూరం అంతే వస్తుంది.

వంకర లేని పొడవాటి రూలు టేబుల్ మీద పెట్టి, రెండు వైపులా మడత టేబుళ్ళ బయటి చివర్లు చూడండి. మెయిన్ టేబుల్ కంటే దిగి ఉంటే దొంగ దొరికినట్టే. కింద ఉండే బోల్టులతో పిసరు పైకి లేపండి, 1 మి.మీ. దాటక్కర్లేదు. హెడ్ కదలకుండా పట్టే లాక్ ఉన్న మిషనైతే ప్రతిసారీ వేయండి.

పాతషెడ్డు
ఎంత సెట్ చేసినా పొడుగు పలకలకి కొంచెం పల్లం ఉంటుందండీ. నేను రెండు చివర్లా 75 మి.మీ. అదనంగా ఉంచి చివర్లో కోసి పారేస్తాను. గొడవ లేదు.

చిత్రికపొట్టు
చెక్క మంచిదైతే కోసి పారేయడానికి మనసొప్పదు కదా అన్నా. ఒకే మందం పలకల్ని ఒకదాని వెనక ఒకటి ఆనించి పంపితే మొదటిదాని మొదలుకీ, ఆఖరిదాని చివరకీ మాత్రమే పల్లం పడుతుంది. ఆ రెండు చోట్లా పనికిరాని ముక్కలు పెట్టుకోవచ్చు.

మిల్లీమీటరు
ఒక పక్క మందం సంగతి వేరు. ఒకే చెక్కలోంచి రెండు సన్న పట్టీలు కోసి, ఒకటి ఎడమ చివర, ఒకటి కుడి చివర ఒకేసారి పంపి వెర్నియర్‌తో కొలవండి. తేడా అలాగే వస్తే ప్లగ్ పీకేసి (స్విచ్ ఆపడం కాదు, పీకేయాలి) టేబుల్ నుంచి కట్టర్ హెడ్ ఒంటికి రెండు చివర్లా ఎంత దూరముందో చూడండి. తర్వాత బ్లేడ్ అంచుకి చూడండి. ఒంటి దగ్గర సమానంగా ఉండి బ్లేడ్ దగ్గర తేడా ఉంటే బ్లేడ్ కూర్చోవడంలో లోపం. బెంచ్‌టాప్ మిషన్లలో చాలావాటికి బ్లేడ్లు పిన్నుల మీద కూర్చుంటాయి, ఎత్తు మార్చే వీలుండదు. కింద చేరిన బంక, పొట్టు గీకితే చాలు.

ఒంటి దగ్గరే తేడా ఉంటే హెడ్ వాలింది. హెడ్‌ని ఎత్తి దించే రెండు పక్కల మరల్ని (పొడవాటి స్క్రూల్ని) కలిపే చైన్ చాలా మిషన్లలో అడుగున ఉంటుంది. చైన్ వదులు చేసి, మందం వచ్చే వైపు స్ప్రాకెట్‌ని (చైన్ పట్టే పళ్ళ చక్రాన్ని) హెడ్ దిగే దిశలో తిప్పాలి. మర పిచ్ (ఒక్క చుట్టుకి కదిలే దూరం) 2 మి.మీ., స్ప్రాకెట్‌కి 10 పళ్ళు అనుకుంటే ఒక్కో పన్నుకి 0.2 మి.మీ. కదులుతుంది.

కొత్తఉలి
వెనక మడత టేబుల్ బాగా దిగి ఉంది, లేపాక పల్లం చేతికి తగలడం లేదు. హెడ్ ఒంటి దగ్గరే తేడా కనిపించింది. రెండు పళ్ళు జరిపాను, ఇప్పుడు 0.05. చాలు కదా? కానీ అడ్డంగా అలల్లాంటి గీతలున్నాయి.

మిల్లీమీటరు
0.05 భేషుగ్గా సరిపోతుంది. అలలకి లెక్క ఉంది. హెడ్ నిమిషానికి 8,000 సార్లు తిరిగి, రెండు బ్లేడ్లూ కోస్తే 16,000 కోతలు. పలక నిమిషానికి 8 మీటర్లు నడిస్తే కోతకీ కోతకీ 0.5 మి.మీ. ఒక బ్లేడ్ హెడ్‌లోకి కొంచెం లోపలికుంటే రెండోదే పని చేస్తుంది, ఎడం 1 మి.మీ. అయి కంటికి తెలుస్తుంది. ఒక బ్లేడ్ కింద బంక ఉందేమో చూడండి.

పాతషెడ్డు
విప్పుతున్నారు కాబట్టి బ్లేడ్ అంచు వేలితో తడమొద్దు, గ్లవ్స్ వేసుకోండి. బిగించేటప్పుడు మధ్య స్క్రూ నుంచి చివర్లకి, కొద్దికొద్దిగా. ఒక్కటే పూర్తిగా బిగిస్తే బ్లేడ్ వంగుతుంది.

ముడిచెక్క
మధ్యలో దూరుతున్నా. నాకు పలక పొడుగునా సన్నని గట్టు వస్తోంది, ఎప్పుడూ ఒకే చోట.

చిత్రికపొట్టు
బ్లేడ్లు ఒకే చోట పెచ్చులూడాయి, మేకు తగిలుంటుంది. బ్లేడ్ రంధ్రాలు కోలగా ఉంటే ఒక బ్లేడ్‌ని అర మిల్లీమీటరు పక్కకి జరపండి, రెండోది ఆ గట్టుని చెక్కేస్తుంది. రెండంచుల బ్లేడయితే తిప్పి వేయండి. పాత చెక్కకి పంపే ముందు బలమైన అయస్కాంతం తిప్పి చూడండి.