చలివేంద్రమా, చలివ కేంద్రమా?

మా వీధి మొదట్లో మంచినీళ్ల కుండలు పెట్టి ఫ్లెక్సీ కట్టారు. దాని మీద 'చలివ కేంద్రం' అని ఉంది. చిన్నప్పటి నుంచి నేను విన్నది చలివేంద్రం. ఏది సరైనదో పెద్దలు చెప్పగలరా?

* * *

చలివేంద్రమేనమ్మా. అందులో కేంద్రం లేదు, పందిరి ఉంది. పాతమాట చలిపందిరి. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనప్పుడు తకారం దకారమైనట్టే, ఇక్కడ పకారం వకారమై చలివెందర, ఆపైన చలివేంద్రం అయింది. పందిరి పోలిక చెరిగిపోయేసరికి జనం చెవికి కేంద్రంలా వినబడుతోంది. తమిళులకు ఇప్పటికీ తణ్ణీర్ పందలే.

సంస్కృతంలో దీన్ని ప్రప అంటారు. అక్కడ కూర్చుని దారినపోయేవాళ్లకు నీళ్లు పోసే ఆవిడ ప్రపాపాలిక. నాకు ఎంతో ఇష్టమైన మాట ఇది. పందిరి వేయించిన దాతకు కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషికి పెట్టిన పేరు. దానశాసనాల చివర ఒక శ్లోకం చెక్కేవారు:

దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్
దానాత్స్వర్గమవాప్నోతి పాలనాదచ్యుతం పదమ్

ఇవ్వడం కంటే ఇచ్చినదాన్ని కాపాడడం మేలు. ఇస్తే స్వర్గం, కాపాడితే జారిపడని చోటు అని. పుణ్యం ఖర్చయితే స్వర్గం నుంచి దిగిరావాలి కదా, అందుకే ఆ తేడా. అక్కడ ప్రస్తావన ముందువాళ్లు ఇచ్చిన మాన్యాలను తర్వాతి రాజులు లాక్కోకుండా ఉండడం గురించే. కానీ పాలనలోని ఆ 'పాల'యే పాలికలోనూ ఉంది. చైత్రంలో రిబ్బన్ కత్తిరించిన పందిళ్లు వైశాఖానికి ఎండు కుండలతో కనిపిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

* * *

మా నాయనమ్మ కుండ కింద ఇసుక పోసి తడిపేది, నీళ్లలో వట్టివేళ్లు వేసేది. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ, ఉప్పు, దంచిన కరివేపాకు. ఆవిడ నోట ఎప్పుడూ చలిపందిరే. ఆ మాటకు అర్థం ఇవాళ తెలిసింది, ధన్యవాదాలు అన్నగారూ.

* * *

అడిగింది నేనే. సాయంత్రం వెళ్లి చూశాను, రెండు కుండల్లో ఒకటి అప్పటికే ఖాళీ. ఫ్లెక్సీ మీద అక్షరం దిద్దుతామన్నారు. పొద్దున ఆరింటికి నీళ్లు నింపే పని నేను తీసుకున్నాను.